చదివేవాళ్ళని వదిలెయ్

అనుమానపడటానికి నాకు జీతమిస్తారు. వేళాకోళం కాదు, నిజమే. మా ఆఫీసులో కిటికీల వైపు కూర్చునేవాళ్ళు కంప్యూటర్ చిప్పులకు రూపం ఇస్తారు. లిఫ్టు వైపు, ఏసీ గాలి నేరుగా నెత్తిన కొట్టే చోట కూర్చునే మేము వాళ్ళ పనిలో తప్పులు పట్టుకుంటాం. వాళ్ళు బాగుందంటే మేం నమ్మకూడదు. నమ్మినవాళ్ళు ఈ వైపు ఎక్కువ కాలం ఉండరు. అలవాటైపోయి, పాల ప్యాకెట్టు మీద తేదీ దగ్గర్నుంచి డాక్టరు నవ్వు దాకా నాకు అన్నీ అనుమానమే. అయితే నా బతుకులోకెల్లా పెద్ద అనుమానం మా బావ మీద వచ్చింది. దాని సంగతే ఇది.

బావంటే మా అక్క భర్త. నేను రెండు జడలు వేసుకుని బడికి వెళ్ళే రోజుల నుంచీ ఎరిగిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మాడిన వాసన పసిగడుతున్నట్టు ముక్కు పైకెత్తి నడుస్తాడు. చిప్పుల ఆర్కిటెక్టు. ఆర్కిటెక్టు అనగానే ఇళ్ళు కట్టేవాడనుకుని వాళ్ళ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఒకసారి తన గదికి తీసుకెళ్ళి గోడ పగులు చూపించాడు. బావ వంగి, గోడని రెండు వైపులా తట్టి, "ఈ గోడని నమ్మకు" అని చెప్పి వచ్చాడు. పాపం ఆ వాచ్‌మన్ మంచం జరుపుకున్నాడు.

ఆయన చేసేది వేరే పని. చిప్పు లోపల పనులన్నీ మనం చెప్పిన వరసలో జరగవు. వేగం కోసం కొన్ని ముందుకు దూకుతాయి, కొన్ని ఆగి దారిస్తాయి. ఏది దూకొచ్చో, ఏది ఆగి తీరాలో తేల్చేది ఆర్కిటెక్టు. బావ ఏ పరికరమూ ముట్టుకోడు. బోర్డు ముందు నిలబడి పెట్టెలు గీస్తాడు, పెట్టెల మధ్య బాణాలు గీస్తాడు, కాసేపు చూసి ఒక బాణం చెరిపేస్తాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అదే పని. ఆ ఒక్క బాణం వెనక ఎంతమంది ఏళ్ళ తరబడి కూర్చుని పని చేస్తారో చెబితే మా అక్క నమ్మదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన గీసిన ఒక చిప్పు ఫ్యాక్టరీ నుంచి చచ్చి తిరిగొచ్చింది. ఫ్యాక్టరీకి పంపాక ఇక వెనక్కి తీసుకునేది లేదు. పుస్తకంలో తప్పు పడితే చివర కాగితం అంటిస్తారు, దీనికి ఆ ఆస్కారమూ తక్కువే. ఆ చచ్చిన చిప్పునే ఆయన తాళంచెవుల గుత్తికి తగిలించుకున్నాడు. అప్పట్నుంచి ఆయనకు లోకం మీద నమ్మకం పోయింది. బస్సు నంబరు ఒకరిని అడిగితే చాలదు, ఇంకొకరిని అడగాలి. "నా వయసెంతో నన్నడిగారు, తర్వాత విడిగా మా నాన్ననడిగారు. రెండూ సరిపోయాయి కాబట్టి పెళ్ళి చేసుకున్నారు" అని అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. ఇల్లు తాళం వేశాక తాళాన్ని పట్టుకుని ఊడిపోతుందేమో అన్నంత గట్టిగా లాగుతాడు. ఆయన లాగాక మాత్రం ఇంకెవరూ లాగకూడదు. లాగితే దారి పొడుగునా మొహం మాడ్చుకుని కూర్చుంటాడు. "నేను చూశానుగా!" అంటాడు. ఊళ్ళో అందరినీ అనుమానించే మనిషికి తనను అనుమానిస్తే ఒళ్ళు మంట.

నాకు ఈ పని నేర్పింది ఆయనే. చదువు అయ్యి, ఉద్యోగం దొరక్క అక్క ఇంట్లో మకాం పెట్టిన రోజుల్లో, ఆదివారం భోజనాలయ్యాక ఎంగిలి కంచాలు జరిపేసి చెంచాలతో పాఠం చెప్పేవాడు. ఒక్కో చెంచా ఒక్కో ఆదేశం. నిలువుగా పెట్టినవి జ్ఞాపకంలో, అంటే మెమరీలో, రాసేవి, అడ్డంగా పెట్టినవి జ్ఞాపకం నుంచి చదివేవి. చెంచాలను ముందుకీ వెనక్కీ జరుపుతూ అనేవాడు: "రాసేవాళ్ళతోనే జాగ్రత్త. చదివేవాళ్ళని వదిలెయ్. చదివితే ఏమన్నా అరిగిపోతుందా?" నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ మాట నాకు అలా పట్టుబడిపోయింది.

నన్నే కాదు, ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళనూ మొదటి వారం ఆయన క్లాసులో కూర్చోబెట్టేవారు. అందుకే అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. ఆ క్లాసు పూర్తి చేయనివాడు ఒక్కడే ఉన్నాడు. మా వైపు మూల సీట్లో కూర్చునే మనిషి. ఏం చెప్పినా "కాదు" అని మొదలుపెడతాడు కాబట్టి మేం ఆయనకు కాదుగారని పేరు పెట్టుకున్నాం. "ఇవాళ ఎండగా ఉందండీ" అంటే కూడా "కాదు, ఉక్కగా ఉంది" అంటాడు. వేరే కంపెనీలో తల నెరిసి వచ్చాడు. బావ క్లాసులో రెండో రోజే లేచి, "కాదు, ఇదంతా నేను పుస్తకంలో చదువుకుంటాను" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. లిఫ్టులో ఎదురుపడితే ఒకరు మెట్లెక్కుతారు.

పుస్తకమన్నానా, అది నిబంధనల పుస్తకం. చిప్పు బయటి లోకానికి ఏం మాటిస్తోందో అందులో ఉంటుంది. కిటికీల వైపువాళ్ళు అది చదివి చిప్పు గీస్తారు. మేం అదే పుస్తకం విడిగా చదివి పరీక్షలు రాస్తాం. "ఇక్కడ మీకేం అర్థమైంది?" అని ఒకరినొకరం అడక్కూడదు. అడిగితే ఇద్దరి బుర్రలోనూ ఒకే తప్పు కూర్చుంటుంది, పరీక్ష హాయిగా నెగ్గుతుంది, కొంప మునుగుతుంది. మా పనంతా నిలబడింది ఈ ఒక్క కట్టుబాటు మీదే.

ఈసారి చిప్పులో జ్ఞాపకంతో మాట్లాడే భాగం బావది. దాన్ని పరీక్షించే పని నాకొచ్చింది. బంధువులు కదా అని మేనేజరు నసిగాడు. ఇంట్లో చిప్పు మాటే రాదని మేమిద్దరం మాటిచ్చాం. వచ్చిందా, అక్క గరిటె లేస్తుంది. ఎప్పుడూ పెద్దవాళ్ళ కింద రెండో సంతకం పెట్టినదాన్ని, మొదటిసారి పైన సంతకం పెట్టబోతున్నాను. "ఈ భాగం పరీక్షించాను, ఫ్యాక్టరీకి పంపొచ్చు" అని. ఆ సంతకం కోసం ఇన్నేళ్ళు ఏసీ గాలి భరించాను. చిప్పు మంచిదైతే నాకు ఈ వైపు ఎదురుండదు. చచ్చి తిరిగొస్తే నన్ను మళ్ళీ ఎవరూ ఏ సంతకమూ అడగరు.

పని బ్రహ్మాండంగా సాగింది. మొదట్లో రోజూ తప్పులు దొరికేవి. తర్వాత తగ్గాయి. తర్వాత అసలు దొరకడం మానేశాయి. ఎన్ని పరీక్షలు పెట్టినా అన్నీ నెగ్గి తెర మీద పచ్చగానే. సమీక్ష సమావేశంలో మేనేజరు అడిగాడు, "వేగం కోసం ఈసారి చదివే పనుల్ని ఒకదాన్నొకటి దాటి దూకనిస్తున్నారు కదా, అది గట్టిగా చూశారా?" అని.

నేను కాలు మీద కాలేసుకుని, "రాసేవాళ్ళతోనే జాగ్రత్తండీ. చదివేవాళ్ళని వదిలెయ్యొచ్చు. చదివితే ఏమన్నా అరిగిపోతుందా?" అన్నాను.

గదంతా నవ్వింది. బావ నవ్వలేదు. చేతిలో కలం ఆగిపోయింది. నా వైపు చూసిన చూపు ఎప్పుడూ చూడనిది. శిష్యురాలు తన మాట తనకే అప్పజెబితే పొంగిపోవాలా వద్దా? ఆ మొహం మాత్రం నల్లబడింది.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. నేను ఆయన సీటు పక్కగా వెళ్తే కంప్యూటర్ తెర కిందకి వంచేస్తాడు. ఆదివారం భోజనానికి వెళ్తే కంచం పట్టుకుని బాల్కనీలోకి పోతాడు. "ఏమైంది బావా?" అంటే, "ఏం లేదే, గాలి కోసం" అంటాడు. గాలి! ఆ బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు తప్ప గాలెక్కడిది? ఫోనొస్తే గొంతు తగ్గించి "చూశారా? ఇంకా లేదా?" అంటాడు. అక్కని అడిగితే, "నాతోనూ సరిగా మాట్లాడటం లేదే. ఒంట్లో బాగాలేదేమో" అంది.

ఒంట్లో కాదు, ఏదో గూడుపుఠాణీ ఉందని నాకు తోచింది. కళ్ళల్లో వత్తులేసుకుని కనిపెట్టడం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌కు అడ్డదారిలో వెళ్దామని వెనక మెట్ల తలుపు తోశాను. కింది మలుపులో బావ, కాదుగారు. ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కన కూర్చుని, చేతుల్లో టీ కప్పులు! నా కళ్ళని నేనే నమ్మలేదు. తలుపు చప్పుడుకి ఇద్దరూ ఒక్కసారే పైకి చూశారు. బావ లేచి, పిల్లిలా కిందకి దిగిపోయాడు. కాదుగారు నింపాదిగా టీ తాగుతూ కూర్చున్నాడు.

నా అనుమానానికి అప్పుడు రూపమొచ్చింది. కాదుగారు మా వైపు మనిషి. నా పరీక్షలన్నీ ఆయన తెరిచి చూడగలడు. వాటిని బావకు మోస్తున్నాడు. బావ ఆ పరీక్షలకు సరిపోయేలా డిజైన్ దిద్దుకుంటున్నాడు. అందుకే తప్పులు దొరకడం లేదు. అందుకే నా మొహం చూడలేకపోతున్నాడు. మరో చిప్పు చచ్చి తిరిగొస్తే భరించలేడు కాబట్టి, ముసలితనంలో దొంగ దారి పట్టాడు. నన్ను చెంచాలతో పెంచిన మనిషి! ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది.

శుక్రవారం మేనేజరు పిలిచి, ఇబ్బందిగా బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ చెప్పాడు: "మీ భాగానికి పై సంతకం వేరేవాళ్ళ చేత పెట్టించమని మాస్టారు అడిగారు. కాదు... అదే, ఆయన పేరు చెప్పారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆదివారం దాకా ఎలా ఆగానో నాకే తెలియదు. అక్క వడ్డిస్తోంది. బావ కంచం తీసుకుని బాల్కనీ వైపు కదిలాడు. నేను వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. కోపమొస్తే నాకు మర్యాదలు గుర్తుండవు.

"కూర్చో బావా. ఇవాళ ఇక్కడే తిను. నా పరీక్షలు ఆయన చేత తెప్పించుకుని చూస్తున్నావా లేదా? అది చెప్పు ముందు."

"ఏమే, ఆ మాటలేంటి?" అంది అక్క, గరిటె ఎత్తి. ఆ గరిటె ఎవరి కోసం లేచిందో ఆమెకే తెలియలేదు.

"నీ పరీక్షల్లో ఒక్కటి కూడా నేను చూళ్ళేదు" అన్నాడు బావ.

"మరి ఆయనతో మెట్ల మీద ఏం పని? నా సంతకం ఎందుకు తీయిస్తున్నావ్? నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద కాదే." ఆయన కంచం బల్ల మీద పెట్టాడు. "ఆ రోజు మీటింగులో నువ్వు మాట్లాడుతుంటే నాకు నా గొంతు వినపడింది. ఒక్క మాట తేడా లేదు. నువ్వు పుస్తకం చదివి పరీక్షలు రాశావనుకున్నాను. నువ్వు చదివింది నన్ను. నేనెక్కడైనా తప్పు నేర్చుకునుంటే అదే తప్పు నీకూ నేర్పించాను. అది డిజైన్‌లోనూ ఉంటుంది, నీ పరీక్షలోనూ ఉంటుంది. ఇక అన్నీ పచ్చగా రాక ఏమొస్తాయి?"

"అంటే తప్పుందా?"

"తెలీదు. ఎంత వెతికినా నాకు కనపడలేదు. నా కళ్ళతో నేను వెతికితే ఏం కనపడుతుంది? నేను నేర్పని మనిషి కోసం ఆఫీసంతా గాలించాను. ఇటూ అటూ అందరూ నా క్లాసులో కూర్చున్నవాళ్ళే. నా మాట విననివాడు ఒక్కడే మిగిలాడు. వెళ్ళి బతిమాలుకున్నాను. ఇందులో నువ్వు వేలు పెట్టొద్దు, ఒక్క మాట చెప్పొద్దు అన్నాడు. నీకు ముందే చెబితే నువ్వు ఆయన దగ్గరికెళ్ళి వాదిస్తావని దాచాను."

నేను నమ్మలేదు. నిజం చెబుతున్నాను, అప్పటికీ నమ్మలేదు. తియ్యగా ఉన్న సాకు అనుకున్నాను. తినకుండా లేచి చెప్పులేసుకున్నాను.

కాదుగారు నన్ను పిలవడానికి ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు. కుర్చీ లాగి చూపించాడు. తెర మీద పచ్చటి వరసల మధ్య ఒక ఎర్ర గీత.

"మీ పరీక్షలోనే తప్పుంది" అన్నాను, అలవాటు కొద్దీ.

"కాదు" అన్నాడు. "మీరు గోడ గడియారం చూశారు. పది దాటింది. మళ్ళీ చూశారు. ఇంకా పది కాలేదు. ఏమంటారు?"

"గడియారం పాడైందంటాను."

"చూడండి మరి."

చూశాను. చిప్పులో ఒక కోరు, అంటే లెక్కలు చేసే బుర్రల్లో ఒకటి, జ్ఞాపకంలో ఒకే చోటును రెండుసార్లు చదువుతోంది. రెండో చదువు తొందరపడి ముందుకు దూకి పాత విలువ తెచ్చుకుంది. ఆ వెంటనే పక్క కోరు అక్కడ కొత్త విలువ రాసింది. మొదటి చదువు తాపీగా వెళ్ళి ఆ కొత్తది తెచ్చింది. అంటే మొదటి చూపుకి కొత్తది, రెండో చూపుకి పాతది. కాలం వెనక్కి నడిచింది. చదివేవాళ్ళని వదిలేస్తే జరిగింది ఇదీ.

నిబంధనల పుస్తకం తెరిచాను. చదివే పనులు ఒకదాన్నొకటి దాటవచ్చు అని ఒక పేజీ చివర ఉంది. ఒకే చోటును చదివేటప్పుడు మాత్రం దాటకూడదు అని తర్వాతి పేజీ మొదట్లో ఉంది. ఆ పేజీ నేను చదవలేదా? చదివాను. చాలాసార్లు చదివాను. తెలిసిన సంగతే కదా అని కళ్ళు దాని మీంచి జారిపోయాయి. కాదుగారి ముందే ఏడ్చేశాను. ఆయన "కాదు, కాదు" అంటూ కంగారుపడి, టీ తెస్తానని లేచి వెళ్ళి మళ్ళీ రాలేదు.

బావకు చూపించాను. "మా రోజుల్లో చిప్పుకి ఒకటే కోరు" అన్నాడు. "ఒంటికాయ సొంటికొమ్ము. పక్కనుంచి రాసేవాడే లేడు, ఎన్నిసార్లు చదివినా అదే విలువ. తర్వాత కోర్లు పెరిగాయి గానీ చదువులు వరస తప్పేవి కావు. ఇప్పుడేగా నేను దూకించింది."

"మీరు నాకు నేర్పినవాటిలో ఇలాంటివి ఇంకెన్నున్నాయి బావా?"

"అదే నాకూ తెలీదే" అన్నాడు.

ఆ జవాబు విన్నాక నా మీద నాకు పుట్టిన అనుమానం ఇప్పటికీ పోలేదు.

మర్నాడు సమావేశంలో ఆయన లేచి నిలబడి, తప్పు తనదేననీ, డిజైన్‌లో చేసిందీ, నా బుర్రలో పెట్టిందీ తానేననీ చెప్పాడు. చిప్పు ఆలస్యమైంది. పైవాళ్ళు కారాలూ మిరియాలూ నూరారు. బాణాలు చెరిపి మళ్ళీ గీశారు. చివరికి ఫ్యాక్టరీకి వెళ్ళిన రోజు పై సంతకం కాదుగారిది. నా పేరు ఎక్కడా లేదు. ఉండకపోవడమే న్యాయమని తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ లేకుండా పోదు కదా.

చిప్పు బతికే వచ్చింది. అది పని చేస్తోందని తెలిసిన వారం, బావ కొత్తవాళ్ళ క్లాసు సగం కాదుగారికి అప్పగించాడు. పొద్దున ఈయన చెబుతాడు, మధ్యాహ్నం ఆయన వచ్చి "కాదు" అంటాడు. పాపం కొత్తపిల్లలు బుర్రలు గోక్కుంటారు.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర బావ అన్నాడు, "వచ్చే చిప్పులో నా భాగానికి నిన్నే అడిగానే" అని.

నేను ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాను. "నన్నెందుకు? నేను మీ నకలునేగా?"

"ఆ రోజు తలుపుకి అడ్డంగా నిలబడ్డావే, ఆ మనిషి కావాలి నాకు." అలవాటు కొద్దీ ఒక చెంచా అడ్డంగా పెట్టాడు. రెండోది అందుకుంటూ, "ఈసారి నేననుకునేది ఏంటంటే..."

"చెప్పకండి బావా" అన్నాను. ఆ చెంచా తీసి గిన్నెలో వేశాను. "మీరేమనుకుంటున్నారో నాకు తెలియకపోతేనే మీకు పనికొస్తాను."

ఆయన అందుకోబోయిన రెండో చెంచా వదిలేశాడు. తన పాఠం వద్దన్నందుకు నొచ్చుకున్నాడని నాకు తెలిసింది. నాకూ నొప్పిగానే ఉంది, ఆ చెంచాల మీదే కదా నేను పెరిగింది. అక్క "అమ్మయ్య, ఇక ఈ బల్ల మీద తిండి తినొచ్చన్నమాట" అని కంచాలు తీసింది.

సాయంత్రం ముగ్గురం బయటికి బయల్దేరాం. బావ తాళం వేశాడు. గట్టిగా లాగి చూశాడు. గుత్తికి వేలాడుతున్న చచ్చిన చిప్పు తలుపుకి టకటకా కొట్టుకుంది. అక్క మెట్లు దిగుతోంది. నేను దిగలేదు. వెనక్కి వచ్చి, ఆయన చూస్తుండగానే తాళం పట్టుకుని లాగాను.

మొహం మాడ్చుకుంటాడనుకున్నాను. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంకోసారి లాగు" అన్నాడు.